సీసం పెట్టె కథ: 1859 నుంచి మన ఇన్వర్టర్ దాకా



మామూలుగా నేను మనవాళ్ళు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారు, ఏ చెరువు తవ్వారు, ఏ గుడి కట్టారు అని రాస్తుంటాను. ఈసారి ఒక వస్తువు వలస గురించి రాస్తున్నాను. 1859లో ఫ్రాన్సులో పుట్టింది. రైలు పెట్టెల కింద వేలాడింది, మోటారు కార్లలో దూరింది, జలాంతర్గాములతో పాటు సముద్రంలో మునిగింది. చివరికి మన ఇళ్ళలో మెట్ల కింద, ఇన్వర్టర్ పక్కన వచ్చి కూర్చుంది. అదే సీసం, యాసిడ్ కలిసిన బ్యాటరీ. ఈ నూటయాభై ఏళ్ళలో టెలిగ్రాం పోయింది, ఆవిరి ఇంజను పోయింది, నేను ముప్ఫై ఏళ్ళు కొట్టిన టైపు మిషను కూడా పోయింది. ఈ సీసం పెట్టె మాత్రం పోలేదు. ఎందుకు పోలేదు, అది పోకుండా ఉన్నందువల్ల మన మీద ఏ బాధ్యత పడింది అనేదే ఈ వ్యాసం. కొంచెం పొడుగు. కాఫీ పెట్టుకుని చదవండి.

ముందు పేరు సంగతి. నా ఇంట్లో మాట తెలుగు, బడి మాత్రం తమిళం. మా తమిళ సైన్సు పుస్తకంలో దీన్ని ‘కారీయ అమిల సేమక్కలం’ అన్నారు. సేమక్కలం అంటే దాచిపెట్టే పాత్ర. కారీయం అంటే నల్ల ఈయం, అంటే మన సీసం. వెళ్ళీయం అంటే తెల్ల ఈయం, అంటే మన తగరం. చారు కాచే ఈయచెంబు తగరంతో చేసింది. అందులో సీసం కలిస్తే విషం. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డల్లాంటి లోహాలు, గుణాలు వేరు. ఈ అన్నదమ్ముల సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

దాచిపెట్టే పాత్ర అన్న పేరులోనే దీని గొప్పతనం ఉంది. 1800లో ఇటలీ దేశపు వోల్టా మొదటి బ్యాటరీ చేశాడు. రాగి, జింకు బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన గుడ్డ పెట్టాడు. కరెంటు వచ్చింది. కానీ జింకు కరిగిపోతే పని అయిపోయినట్టే, మళ్ళీ కొత్త బిళ్ళ వేయాలి. ఆ తరువాత అరవై ఏళ్ళు వచ్చినవన్నీ దాదాపు ఆ తీరువే. కట్టెల పొయ్యిలాగా, కాలేదాకా కాలి బూడిదయ్యేవి. ఖాళీ అయిన దాన్ని మళ్ళీ నింపుకునే పాత్ర ఎవరికీ చిక్కలేదు.

ఆ పాత్ర చేసినవాడు గాస్టన్ ప్లాంటే. 1834లో ఫ్రాన్సులో ఒర్తేజ్ అనే ఊళ్ళో పుట్టాడు. ఈయనకు ముందే 1854లో జర్మనీకి చెందిన సిన్‌స్టెడెన్ సీసపు పలకలను యాసిడ్‌లో ముంచి కరెంటు పంపితే, తరువాత ఆ పలకలు కరెంటు తిరిగి ఇస్తున్నాయని గమనించాడు. కానీ దాన్ని పనికొచ్చే వస్తువుగా మార్చింది ప్లాంటేయే. రెండు సీసపు రేకులు తీసుకుని, ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గుడ్డ, ఆ తరువాత రబ్బరు పట్టీలు పెట్టి, చాపలాగా చుట్టి, పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో నిలబెట్టాడు. 1860లో అలాంటి తొమ్మిది సెల్లులను కలిపి ఫ్రెంచి సైన్సు అకాడమీ ముందు పెట్టాడు. ఇంకో చిన్న ముచ్చట. ఈయన అంతకు ముందే, 1855లో, పారిస్ దగ్గర మ్యూదోన్ అనే చోట ఒక పాతకాలపు పెద్ద పక్షి ఎముకలు కనిపెట్టాడు. మనిషి కంటే ఎత్తుండే ఆ పక్షికి ఈయన పేరు మీదే ‘గాస్టోర్నిస్’ అని పేరు పెట్టారు. ఆ పక్షి జాతి పోయింది, బ్యాటరీ మిగిలింది.

కానీ ప్లాంటే బ్యాటరీకి రెండు కష్టాలు. ఒకటి, దాన్ని చార్జి చేయాలంటే అప్పట్లో డైనమో లేదు. వాడి పారేసే పాతరకం బ్యాటరీలతోనే దీన్ని నింపాలి. బావి లేని ఊళ్ళో తొట్టి కట్టినట్టు ఉండేది. రెండోది, సీసపు రేకు మొదట పెద్దగా కరెంటు పట్టేది కాదు. నెలల తరబడి చార్జి చేసి, దించి, తిప్పి మళ్ళీ చార్జి చేస్తేనే రేకు పైపొర మెత్తబడి దారికి వచ్చేది. అందుకే ఇరవై ఏళ్ళు అది ప్రయోగశాల దాటి పెద్దగా బయటకు రాలేదు.

ఆ కష్టాలు తీర్చినవాళ్ళు వేరేవాళ్ళు. 1871లో జెనోబ్ గ్రామ్ అనే బెల్జియం వాడు పారిస్‌లో మంచి డైనమో చేశాడు. బావి దొరికింది. 1881లో కమీల్ ఫోర్ అనే ఫ్రెంచి కెమిస్టు సీసపు ఆక్సైడును యాసిడ్‌తో ముద్దగా కలిపి రేకులకు పూశాడు. నెలల పని రోజుల్లోకి వచ్చింది, పట్టే కరెంటు కూడా చాలా పెరిగింది. కానీ ముద్ద ఊడిపోయేది. అదే సంవత్సరం వోల్క్‌మార్ అనే ఆయన సాదా రేకుకు బదులు జల్లెడలాంటి చట్రం చేసి, దాని గళ్ళలో ముద్ద నింపాడు. సెల్లన్ అనే ఆయన ఆ సీసంలో ఆంటిమొనీ కలిపి చట్రాన్ని గట్టిపరిచాడు. ఈరోజు మీ ఇన్వర్టర్ బ్యాటరీ కోసి చూస్తే, వీళ్ళ చేతిపని ఏదో ఒక రూపంలో లోపల కనిపిస్తుంది. (కోయకండి, ఎందుకో కింద చెబుతాను.) కనిపెట్టింది ఒకరని మనం పేరు రాసుకుంటాం, నిలబెట్టింది మాత్రం నలుగురు.

ఆ 1881లోనే ఫోర్ సెల్లులు ఉన్న పెట్టె ఒకటి పారిస్ నుంచి గ్లాస్గోకు, విలియం థామ్సన్ దగ్గరికి చేరింది. తరువాత లార్డ్ కెల్విన్ అని పేరు పడిన పెద్ద శాస్త్రవేత్త ఆయనే. పెట్టెలో పది లక్షల ఫుట్-పౌండ్ల శక్తి వచ్చిందని పత్రికలు ఆశ్చర్యపోయాయి. ఒక ఊళ్ళో పుట్టిన కరెంటును పెట్టెలో పెట్టి ఇంకో దేశానికి పంపడం అంతకు ముందు ఎవరూ చూడలేదు కదా. నేను గుమాస్తాను, లెక్క వేయకుండా ఉండలేను. పది లక్షల ఫుట్-పౌండ్లు అంటే మన కరెంటు బిల్లులో 0.38 యూనిట్టు. మీ ఇంట్లో 12 వోల్టుల 150 యాంపియర్-అవర్ బ్యాటరీ ఒక్కటి ఉంటే, అందులో 1.8 యూనిట్లు. ప్రపంచం నోరు తెరిచి చూసిన ఆ పెట్టెలాంటివి దాదాపు అయిదు, మీ మెట్ల కింద ఉన్నాయి.

ఇక రైలు సంగతికి వస్తాను. లేకపోతే నాకు నిద్ర పట్టదు. మొదట్లో రైలు పెట్టెల్లో నూనె దీపాలు, తరువాత గ్యాసు దీపాలు. రెండింటికీ నిప్పు భయం. 1881 అక్టోబరులో ఇంగ్లండులో లండన్ నుంచి బ్రైటన్ వెళ్ళే ఒక పుల్‌మన్ పెట్టెలో ఫోర్ బ్యాటరీలతో కరెంటు దీపాలు వెలిగించారు. తరువాత 1890లలో లండన్‌లోని జె. స్టోన్ కంపెనీ పెట్టె ఇరుసుకే డైనమో తగిలించే పద్ధతి తెచ్చింది. బండి పరుగెత్తేటప్పుడు ఇరుసు తిరిగి డైనమోను తిప్పుతుంది, దీపాలు వెలుగుతాయి, బ్యాటరీ నిండుతుంది. బండి ఆగితే బ్యాటరీ దీపాలను మోస్తుంది. ఆ ఆలోచన మన దేశం దాకా వచ్చింది. పాతకాలం బండ్లు స్టేషనులో నిలబడితే దీపాలు మందగించి, కదిలాక మళ్ళీ కాంతి పెరిగేది. నా వయసు వాళ్ళందరూ చూసిందే. అది బ్యాటరీ చేతి నుంచి డైనమో చేతికి పని మారడం.

మన పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో 1955 నుంచి తయారైన పెట్టెలు ఎక్కువగా ఈ పద్ధతిలో నడిచినవే. వ్యవస్థ మొదట 24 వోల్టులు, తరువాత 110 వోల్టులు అయింది. ఏసీ లేని పెట్టె కింద 120 యాంపియర్-అవర్ బ్యాటరీ, ఏసీ పెట్టె కింద రెండేసి వోల్టుల సెల్లులు 56, 1100 యాంపియర్-అవర్. గుణించి చూడండి, 120 యూనిట్లు దాటుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2016లో రెండు నెలలకు ఇంటికి ఇవ్వడం మొదలుపెట్టిన 100 ఉచిత యూనిట్ల కంటే ఎక్కువ, ఒక్క పెట్టె కడుపు కింద వేలాడుతూ పోతోంది. డీజిల్ ఇంజనును నిద్ర లేపేది కూడా బ్యాటరీయే. 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 ఇంజనులో కూడా, మొదట బ్యాటరీ కరెంటు జనరేటరును మోటారులాగా తిప్పితేనే ఇంజను కదిలేది. బ్యాటరీ దిగిపోతే ఏనుగు పడుకున్నట్టే.

మోటారు కార్ల కథలో ఇంకా వింత ఉంది. 1899లో బెల్జియం వాడు కమీల్ జెనాట్జీ, గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటిన మొదటి కారు నడిపాడు. 105.88 కిలోమీటర్లు. అది పెట్రోలు కారు కాదు, సీసం బ్యాటరీల కారు. ఆ రోజుల్లో పెట్రోలు కారు స్టార్టు చేయాలంటే ముందు నిలబడి ఇనుప చెయ్యి తిప్పాలి. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. కరెంటు కారుకు ఆ బాధ లేదు. కానీ 1912 క్యాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ కరెంటు స్టార్టరు పెట్టించాడు. దానికి కరెంటు ఇచ్చింది సీసం బ్యాటరీ. బరువు మోయాల్సిన పని పెట్రోలుకు పోయింది, లేపే పని బ్యాటరీకి మిగిలింది. అంటే కరెంటు కారు వెనకబడటానికి ఒక కారణం ఈ బ్యాటరీ బరువైతే, ఇంకో కారణం ఇదే బ్యాటరీ పెట్రోలు కారుకు చేసిన సాయం. ఎడిసన్ అంతటివాడు సీసాన్ని తీసేయాలని పట్టుబట్టి, ఏళ్ళ తరబడి పనిచేసి నికెల్-ఇనుము బ్యాటరీ చేశాడు. మొండి బ్యాటరీ, చాలా కాలం ఉండేది. కానీ ఖరీదు ఎక్కువ, చలిలో చతికిలబడేది, స్టార్టరుకు కావాల్సినంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేకపోయేది.

ఆ ‘ఒక్కసారిగా’ అన్న మాటలోనే సీసం బలం ఉంది. లోపల జరిగేది ఇంతే. ఒక పలక మీద గోధుమరంగు సీసం డయాక్సైడు, ఇంకో పలక మీద బూడిదరంగు సీసం, మధ్యలో యాసిడ్. కరెంటు వాడుతుంటే రెండు పలకలూ సీసం సల్ఫేటుగా మారతాయి, యాసిడ్ నీళ్ళలాగా పలుచనవుతుంది. చార్జి పెడితే అంతా వెనక్కి వెళుతుంది. అందుకే మన టీఎల్ స్టాఫు, అంటే పెట్టెల్లో దీపాలూ బ్యాటరీలూ చూసే ట్రెయిన్ లైటింగ్ వాళ్ళు, గాజు హైడ్రోమీటరుతో యాసిడ్ పీల్చి చూసేవాళ్ళు. 1.250 దగ్గర తేలితే నిండుగా ఉంది, 1.150కి దిగితే ఆకలి మీద ఉంది. ఇంత తేలికగా కడుపు సంగతి బయటపెట్టే బ్యాటరీ ఇంకొకటి లేదు. దీన్ని ఖాళీగా వదిలేస్తే మాత్రం సల్ఫేటు, తడి సున్నం ఎండి గట్టిపడినట్టు పలకలకు పట్టుకుంటుంది. ఇంక వదలదు. ఊరికి వెళుతూ ఇన్వర్టర్ ఆపేసి నెలల తరబడి వదిలేసేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోండి. డిస్టిల్డ్ వాటరుకు బదులు బోరు నీళ్ళు పోసేవాళ్ళు కూడా.

ఇప్పుడు ఆ అన్నదమ్ముల సంగతి. సీసంతో బ్యాటరీ అయితే, తమ్ముడు తగరంతో ఎందుకు కాదు? కెమిస్ట్రీ పట్టికలో ఇద్దరూ ఒకే నిలువు వరుసలో ఉంటారు. 2011లో స్వీడనులోని ఉప్సాల విశ్వవిద్యాలయానికి చెందిన మన భారతీయుడు రాజీవ్ అహుజా, ఆయనతో పనిచేసినవాళ్ళు లెక్క కట్టి చూపించారు. సీసం అణువు నడుమ 82 ప్రోటాన్లు ఉంటాయి. ఆ లాగుడుకు దగ్గరి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో చెప్పుకోదగ్గ భాగంతో తిరుగుతాయి, అక్కడ ఐన్‌స్టైన్ సాపేక్షత పనిచేస్తుంది. సెల్లు ఇచ్చే రెండు వోల్టుల పైచిలుకులో 1.7 నుంచి 1.8 వోల్టులు ఆ సాపేక్షత వల్ల వచ్చినవే. తగరం తేలిక, దానికి ఆ బలం చాలదు. పొద్దున్నే స్కూటరు బటను నొక్కితే ఇంజను లేస్తుందంటే అందులో ఐన్‌స్టైన్ చెయ్యి కూడా ఉంది.

లిథియం వచ్చింది కదా, ఇక ఇదెందుకు అని మా అబ్బాయి అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. కిలో బరువుకు సీసం 30 నుంచి 40 వాట్-అవర్లు ఇస్తే, లిథియం 150కి పైగా ఇస్తుంది. చేతిలో పట్టుకునే ఫోనుకూ, పరుగెత్తే బండికీ లిథియమే సరి. కానీ కదలకుండా మూల కూర్చుని, ఏడాది పొడుగునా చార్జి మీద ఉండి, కరెంటు పోయిన క్షణంలో లేవాల్సిన పనికి బరువుతో ఏం పని? టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలు 48 వోల్టుల సీసం బ్యాటరీల మీద నిలబడ్డాయి. అందుకే ఊరంతా చీకటిగా ఉన్నా ల్యాండులైను మోగేది. రిలే సిగ్నళ్ళు, ఆసుపత్రి యూపీఎస్‌లు, జలాంతర్గాములు, ఈ-రిక్షాలు అన్నీ దీని మీద ఆధారపడ్డవే. చాలా కరెంటు కార్లలో కూడా పెద్ద లిథియం బ్యాటరీ పక్కన 12 వోల్టుల సీసం బ్యాటరీ ఒకటి పెడుతున్నారు.

మన దేశంలో దీని తయారీ 1947లో కలకత్తాలో మొదలైన అసోసియేటెడ్ బ్యాటరీ మేకర్స్ కంపెనీతో ఊపందుకుంది. శ్యాంనగర్ ఫ్యాక్టరీ వాళ్ళదే. ఆ కంపెనీయే ఇప్పటి ఎక్సైడ్. దాని ఫ్యాక్టరీ ఒకటి మన తెలుగువాళ్ళు తరతరాలుగా ఉన్న హోసూరులో ఉంది. చిత్తూరు జిల్లా పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్ర నాయుడు గారు అమెరికా నుంచి తిరిగి వచ్చి, 1985లో తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా మొదలుపెట్టారు. మూత తీసి నీళ్ళు పోయక్కరలేని రకం బ్యాటరీలను రైల్వేకూ టెలిఫోన్లకూ ఇచ్చిన కంపెనీ అది. రాయలసీమ పల్లె పిల్లలు ఎందరికో ఆ పని అన్నం పెట్టింది.

ఇప్పుడు అసలు మాట. నేను కొన్నేళ్ళు స్టోర్సు లెడ్జర్లు రాశాను. విరిగిన కుర్చీ, చిరిగిన గుడారం, పగిలిన దీపం, ఇవన్నీ కండెమ్ అయితే లెక్కలో దాదాపు సున్నా. బ్యాటరీ మాత్రం చచ్చినా సున్నా కాదు. దాని బరువులో సగానికి పైగా సీసం. కరిగించి మళ్ళీ కొత్త పలక పోయవచ్చు, ఎన్నిసార్లయినా. అమెరికాలో వాడేసిన సీసం బ్యాటరీలలో 99 శాతం తిరిగి కరిగింపుకు వస్తున్నాయని అక్కడి పరిశ్రమవాళ్ళు చెబుతారు. కాగితం, ప్లాస్టిక్కు, అల్యూమినియం డబ్బా, ఏదీ ఆ లెక్కకు దగ్గర్లో లేదు. ఇన్నేళ్ళు ఇది చవకగా బతకడానికి ఇదే పెద్ద కారణం.

కానీ ఆ విలువే దాని విషం కూడా. చచ్చిన బ్యాటరీకి డబ్బు వస్తుంది కాబట్టి పెరట్లో సుత్తితో పగలగొట్టేవాళ్ళు ఉన్నారు. యాసిడ్ కాలవలో పోస్తారు, పలకలను బాండీలో కరిగిస్తారు. ఆ పొగ, ఆ దుమ్ము నేలలో దిగి, ఆడుకునే పిల్లల చేతుల ద్వారా నోట్లోకి పోతుంది. ఆఫ్రికాలో సెనెగల్ దేశంలో, డాకర్ నగరం పక్కన తియారోయ్ అనే పేటలో, 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల 18 మంది పిల్లలు చనిపోయారు. పాత బ్యాటరీలు పగలగొట్టిన నేల మీద సీసం మట్టిని జల్లెడ పట్టి అమ్ముకునేవాళ్ళ పిల్లలు వాళ్ళు. చావు రాకపోయినా చదువు మందగిస్తుంది, రక్తం తగ్గుతుంది. పిల్లల ఒంట్లో ఇంత సీసం ఉంటే పరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో ఆందోళన పడాల్సినంత సీసం ఉందని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ 2020లో లెక్క చెప్పాయి. అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి ఈ పెరటి కరిగింపు.

మన దేశంలో 2001లో బ్యాటరీల నిబంధనలు, వాటి స్థానంలో 2022లో కొత్త నిబంధనలు వచ్చాయి. పాత బ్యాటరీని వెనక్కి తీసుకుని, అనుమతి ఉన్న చోటికి పంపే బాధ్యత తయారీ కంపెనీల మీద పెట్టారు. చట్టం ఉంది, కానీ మొదటి అడుగు మన గుమ్మం దగ్గరే పడాలి.

మన సంఘ భవనం ఇన్వర్టరుకు నాలుగు బ్యాటరీలు ఉన్నాయి. ఈ ఏడాదితో వాటి పని అయిపోతుంది. కాయలాన్ కడ అని మనం పిలిచే పాత ఇనుప కొట్టులో బ్యాటరీకి రెండు మూడు వందలు ఎక్కువ ఇస్తారని కొందరు సభ్యులు అంటున్నారు. వాళ్ళు సంఘం డబ్బు మిగల్చాలనే అంటున్నారు, తప్పు పట్టను. కానీ ఆ పైచిలుకు ఎక్కడి నుంచి వస్తుందో లెక్క చూడండి. పొగ గొట్టం కట్టని ఖర్చు, యాసిడ్ శుభ్రం చేయని ఖర్చు, కూలివాడికి ముఖానికి మాస్కు ఇవ్వని ఖర్చు. మనకు మిగిలేది మహా అయితే పన్నెండు వందలు. అది కట్టేది ఊరి చివర పేటలో ఎవరింటి పిల్లవాడో. అందుకని నాలుగింటినీ కొత్తవి కొనే డీలరుకే ఇచ్చి, బిల్లులో పాత బ్యాటరీల తగ్గింపు రాయించుకుని, ఆ బిల్లు నకలు సంఘం ఫైలులో పెట్టాలని వచ్చే సమావేశంలో నేను ప్రతిపాదిస్తాను. ఇళ్ళల్లో బ్యాటరీ మార్చేవాళ్ళు కూడా అలాగే చేయండి. మూత విప్పకండి, యాసిడ్ పారబోయకండి, పడుకోబెట్టి ఆటోలో పంపకండి.

నూటయాభై ఏళ్ళకు పైగా ఎందరో చేతులు వేస్తే నిలబడిన వస్తువు ఇది. ప్లాంటే చుట్టాడు, ఫోర్ పూశాడు, సెల్లన్ గట్టిపరిచాడు. దాన్ని సరైన చేతికి తిరిగి అప్పగించే పని మనది. సమావేశం తేదీ కార్యదర్శి గారు ఇక్కడే ప్రకటిస్తారు. తప్పకుండా రండి, మీ మాట చెప్పండి.